దొరక్కపోతే ఏం వెయ్యాలి?

వంటల పుస్తకాన్ని మనం సాహిత్యంగా చదవం. కవిత్వం, కథ, నవల, ఆత్మకథ, చివరికి ఉత్తరాలు, డైరీలు కూడా స్త్రీల రచనల చరిత్రలోకి వచ్చాయి. పొయ్యి పక్కన పెట్టుకుని, పసుపు చేతులతో పేజీలు తిప్పుతూ, అంచుల్లో తమ కొలతలు రాసుకుంటూ ఆడవాళ్ళు చదివిన పుస్తకం మాత్రం రాలేదు. మాలతీ చందూర్ (1930-2013) గురించి మాట్లాడితే నవలలు చెప్పుకుంటాం, ఆంధ్రప్రభ వారపత్రికలో ఏళ్ళ తరబడి నడిపిన 'ప్రమదావనం' చెప్పుకుంటాం. ఆమె 'వంటలు - పిండివంటలు' మళ్ళీ మళ్ళీ అచ్చవుతూ కొత్త కోడళ్ళ పెట్టెల్లోకీ, ఆ తర్వాత అమెరికా వెళ్ళే సూట్‌కేసుల్లోకీ చేరిన సంగతిని ఒక ముచ్చటగా చెప్పి వదిలేస్తాం. ఆ పుస్తకం అంతగా ఎందుకు కావలసి వచ్చిందన్న ప్రశ్న విమర్శ దాకా రాలేదు.

నాకు ఆ ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. తల్లి పక్కన నిలబడి నేర్చుకునే అమ్మాయికి కాగితం అక్కర్లేదు. అత్తవారింటికో, ఉద్యోగం కోసం పట్నానికో, వీసా మీద పరాయి దేశానికో వెళ్ళినప్పుడే నోటిమాటగా ఉన్న వంట అక్షరాల్లోకి వస్తుంది. మధుర్ జాఫ్రీ నటన నేర్చుకోవడానికి లండన్ వెళ్ళేనాటికి ఆమెకి వంట రాదు. తల్లి ఢిల్లీ నుంచి ఉత్తరాల్లో రాసి పంపిన పద్ధతులతో మొదలుపెట్టి, 1973లో మొదటి వంటల పుస్తకం తెచ్చింది. అంటే వంటల పుస్తకం పుట్టుకలోనే వలస ఉంది. ఇంగ్లీషులో వచ్చిన వంటల పుస్తకాల ద్వారా పట్టణ మధ్యతరగతి స్త్రీలు 'భారతీయ వంట' అనే ఊహని ఎలా తయారుచేశారో అర్జున్ అప్పాదురై 1988లోనే ఒక వ్యాసంలో చర్చించాడు. తెలుగులో అలాంటి చదువు ఇంకా మొదలుకావలసే ఉంది.

మన వంటల పుస్తకాల భాషని గమనించండి. వేయించాలి, దంచాలి, రుబ్బాలి, దించాలి. ఈ క్రియలకి కర్త కనిపించదు. ఎవరు రుబ్బాలో చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. 'తగినంత ఉప్పు' అంటారు. ఎవరి నోటికి తగినంతో చెప్పరు. ఇంకొక మాట ఉంది: 'దొరక్కపోతే'. చింతకాయ దొరక్కపోతే చింతపండు, అదీ దొరక్కపోతే నిమ్మకాయ. అసలు వస్తువు ఎందుకు దొరకలేదు, ఎవరికి దొరకలేదు అన్నది ఆ మాటకి పట్టదు. పరాయి దేశంలో మన వంట గురించిన రాతలన్నీ ఈ 'దొరక్కపోతే' చుట్టూనే తిరుగుతాయి కాబట్టి, ఆ ఒక్క మాటని తరచి చూడాలని ఈ వ్యాసం.

నేను ఈ మాటలు ములకలపల్లిలో కూర్చుని రాస్తున్నాను. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒకవైపు పాల్వంచ, ఇంకోవైపు దమ్మపేట, అశ్వారావుపేట. మధ్యలో కోయగూడేలు, అడవి, అడవి పోయినచోట జామాయిల్, పామాయిల్ తోటలు. మా చెల్లెలు 2004లో పెళ్ళయి ఇక్కణ్ణించి టెక్సాస్ వెళ్ళింది. మా ఇద్దరి ఫోన్లలో సగం వంట గురించే.

"అక్కా, క్రాన్‌బెర్రీలు పప్పులో వేస్తే చింతకాయ పప్పు లెక్కనే ఉంటదంట. వెయ్యనా?"

"వెయ్యి. వేసి ఎట్లుందో నాకు చెప్పు."

అలా ఒక్కొక్కటీ చెప్పేది. మామిడికాయ పప్పుకి పుల్లని గ్రీన్ ఆపిల్, పచ్చడికి మెక్సికో వాళ్ళ టొమాటియో, బజ్జీలకి హలపెన్యో మిరపకాయ, ఉప్మాకి క్రీమ్ ఆఫ్ వీట్. అమెరికాలో కాపురాలు పెట్టిన తెలుగు ఆడవాళ్ళందరికీ ఈ జాబితా కంఠతా వచ్చు. ఎవరూ అచ్చువేయకుండానే ఒకరి నుంచి ఒకరికి చేరిన పుస్తకం అది.

ఇలాంటి వంటింటిని సాహిత్యంలో అందరికంటే బాగా చూపించింది ఝుంపా లాహిరి అంటారు. 'ద నేమ్‌సేక్' (2003) నవల 1968లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో, నిండు గర్భిణి ఆషిమా వంటింట్లో మొదలవుతుంది. రైస్ క్రిస్పీస్‌లో వేరుశనగ గింజలు, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుని, కలకత్తా వీధుల్లో పొట్లం కట్టి అమ్మే మరమరాల మిశ్రమానికి దగ్గరగా తెచ్చుకోవాలని చూస్తుంది. ఏదో తక్కువైందని ఆమెకి తెలుస్తూనే ఉంటుంది. ఈ ఘట్టాన్ని ఇంటిబెంగగా చదవడం అలవాటు. నాకు కనిపించేది వేరు. ఆషిమా అది తన కోసం కలుపుకుంటోంది. ఉప్పు చాలిందో లేదో తేల్చేది ఆమె నాలుకే. మన వంటింటి కథల్లో వండే మనిషే రుచికి తీర్పరి కావడం చాలా అరుదు.

'ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్' (1999) సంపుటిలోని మిసెస్ సేన్ కథ ఇంకా లోతుకి వెళుతుంది. ఆమె నేల మీద పేపరు పరిచి, మన కత్తిపీటకి అక్కలాంటి కత్తితో కూరలు తరుగుతుంది. పెళ్ళిళ్ళకి ఆడవాళ్ళంతా చేరి రాత్రంతా కబుర్లాడుతూ కూరలు తరిగిన ఊరు ఆమెకి గుర్తొస్తుంటుంది. ఆమెకి కావలసింది తాజా చేప. చేపల కొట్టు ఉంది, కారుంది, డబ్బుంది. కారు నడపడం రాదు. తీసుకెళ్ళడానికి భర్తకి తీరిక లేదు. చివరికి తనే బండి తీస్తుంది, ప్రమాదం జరుగుతుంది. ఈ కథలో దినుసు దొరక్కపోవడం సముద్రాలవల్ల కాదు. భర్త తీరికని బట్టి కొట్టు దగ్గరవుతుంది, దూరమవుతుంది. 'దొరక్కపోతే' వెనక ఒక అధికార సంబంధం ఉందని లాహిరి పెద్ద మాటలేవీ లేకుండా చూపించింది.

మా చెల్లెలిది సరిగ్గా ఇదే కథ. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన పిల్ల. హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలకి అక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015 మే నెలలో నిబంధన మార్చారు, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటి ఉంటేనే. అప్పటిదాకా పదకొండేళ్ళు ఆమె చదువంతా కుండీల్లో గోంగూర మొలిపించడానికి పనికొచ్చింది. ఐటి ఉద్యోగుల భార్యల ఈ శ్రమ మీద 2018లో ఏమీ భట్ 'హై-టెక్ హౌస్‌వైవ్స్' అనే పుస్తకమే రాసింది. కంపెనీకి మగవాడి పని గంటలు కావాలి. ఆ గంటలు నిలబడడానికి ఇంట్లో ఇంకొకరి జీతం లేని గంటలు కావాలి. సాయంత్రం కంచం ముందు కూర్చుని "అచ్చం మన ఊళ్ళో తిన్నట్టే ఉంది" అన్న మాట ఆ గంటలకి ముట్టే జీతం. అది మెప్పులా వినిపిస్తుంది గానీ, అందులో ఒక షరతు ఉంది. రేపు కూడా అచ్చం అలాగే ఉండాలి.

'అచ్చం' అన్న మాటని చరిత్ర ముందు పెట్టి చూడండి. ఖమ్మం మార్కెట్లో గుట్టలు పోసే ఎర్రమిర్చి మన ఆహారానికి గుర్తు అనుకుంటాం. మిరపా, టమాటా, మొక్కజొన్నా అన్నీ అమెరికా ఖండాల పంటలే. మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో మన ఒడ్డుకి వచ్చింది. టెక్సాస్‌లో హలపెన్యోతో బజ్జీ వేస్తున్న మా చెల్లెలు మిరపకాయకి పుట్టింట్లో బజ్జీ వేస్తోందన్న మాట! మొదటిసారి మిరియాల బదులు మిరపకాయ నూరిన మన పూర్వపు ఆడమనిషి ఎవరో, ఆ రోజు ఆమెని ఇంట్లో ఏమన్నారో మనకి తెలియదు. 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అలా మొదలైన కూలి ఓడల్లో నటాల్ చెరకు తోటలకి తమిళులతో పాటు తెలుగువాళ్ళూ వెళ్ళారు. బియ్యం బదులు మొక్కజొన్న నూకలు తిన్నారు. మారియమ్మకి పోసే అంబలిని రాగులకి బదులు మొక్కజొన్న పిండితో కాచారు. ఇవాళ అక్కడి వాళ్ళకి అది లోటు వంట కాదు, అదే అమ్మవారి అంబలి. కొన్ని తరాల చేతుల్లో పడితే ఏ బదులు దినుసైనా అసలు దినుసు అవుతుంది. అందుకే పరాయి నేల మీద వండే స్త్రీని అమ్మ వంటకి నకలు తీసే మనిషిగా కాక, కొత్త వంట కడుతున్న మనిషిగా చదవాలంటాను.

ఇక్కడిదాకా వచ్చాక స్త్రీవాదులుగా మనకి ఒక చిక్కు ఎదురవుతుంది. వంటిల్లు మనకి జైలు. 'అడవి ఉప్పొంగిన రాత్రి' (1990) రాసిన విమల 'వంటిల్లు' కవిత తెలుగులో ఎందరో ఆడవాళ్ళకి ఆ సంగతి మొదటిసారి పేరు పెట్టి చెప్పింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలోని 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా'లో చేరి దేశమంతా వెళ్ళింది. వంటింటిని కూల్చమన్న ఆ కోపం న్యాయమైనది, ఇప్పటికీ పాతబడలేదు. కానీ పరాయి దేశానికి వెళ్ళిన స్త్రీ ఆ వంటింటినే ఇటుక మీద ఇటుక పెట్టి మళ్ళీ కట్టుకుంటోంది. ఆమెని వెనకబడ్డ మనిషి అందామా? అనలేం. తన భాష, తన ఊరు, తన తల్లి ఆమెకి మిగిలింది అక్కడే. ఈలోగా 'నల్లపొద్దు' (2003) లాంటి సంకలనాలతో దళిత స్త్రీలు ఇంకో ప్రశ్న వేశారు. పొలంలో, కూలిలో, ఆకలిలో నలిగే ఆడవాళ్ళకి వంటిల్లు ఒక్కటే అణచివేత కేంద్రమా? పొయ్యి మీదికి ఏమైనా ఉంటే కదా వంట! కూల్చాలా కట్టుకోవాలా అన్న మన చర్చ, ముందుగా వంటిల్లు ఉన్నవాళ్ళ చర్చ.

మూడు రాళ్ళ పొయ్యి తప్ప ఏమీ లేని పరాయివాళ్ళు మా మండలంలోనే ఉన్నారు. 2005 జూన్‌లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు తగలబడ్డాయి. అటు జుడుం, పోలీసులు, ఇటు మావోయిస్టులు, మధ్యలో నలిగిన ఆదివాసీలు వేల సంఖ్యలో అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చిపడ్డారు. జుడుం పేరుతో ఆదివాసీ యువకులకి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పేనాటికి ఇక్కడ పుట్టిన పిల్లలు బడి ఈడుకి వచ్చారు. మనం వాళ్ళని గుత్తికోయలంటాం. వాళ్ళు తమని కోయితూర్ అనుకుంటారు. వాళ్ళు దాటింది సముద్రం కాదు, ఒక రాష్ట్ర సరిహద్దు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా ఉన్నవాళ్ళు, తెలంగాణలో ఆ గుర్తింపు కోసం కాగితాలు పట్టుకుని తిరగాలి. పాస్‌పోర్టు లేని విదేశం ఇది.

ఏటా మిర్చి ఏరే రోజుల్లో వాళ్ళ ఆడవాళ్ళు ఇక్కడి చేలల్లో కనిపిస్తారు. కొంటా వైపు నుంచి వచ్చి అడవి అంచున గుడిసె వేసుకున్న ఒకామెని, మీ ఊళ్ళో ఏం వండుకునేవాళ్ళని అడిగాను. ఆమెది కోయ భాష. బడికి వెళుతున్న కూతురు తెలుగులో చెప్పింది. అక్కడ సొంత చెలకలో పండిన రాగులతో జావ కాచుకునేవాళ్ళు, సొరబుర్రలో పోసుకుని పనికి పట్టుకుపోయేవాళ్ళు. ఇక్కడ బియ్యంతోనే జావ. పులుపుకి అమారి ఆకు. బస్తర్‌లో అమారి అంటే మన గోంగూరే, తెలంగాణలో పుంటికూర. వచ్చేటప్పుడు కొంగున గింజలు కట్టుకుని వచ్చిందట. గుడిసె పక్కన నాలుగు మొక్కలున్నాయి. చింతకాయ మాటేమిటని అడిగితే తల్లి ఏదో అంది. కూతురు నవ్వి, "ఆకులంటే ఏసుకుంటం మేడం, చెట్లే... ఇక్కడ ప్రతి చెట్టూ ఎవలదో ఒకలది అంటున్నది" అంది.

అదే ఆకు కోసం మా చెల్లెలు మొదట్లో కుండీలు పెట్టింది. తర్వాత అక్కడికి శరణార్థులుగా వచ్చిన బర్మా వాళ్ళ కొట్లో చిన్‌బౌంగ్ అన్న పేరుతో కట్టలు కట్టి ఉండగా చూసింది. బర్మా వంటలో గోంగూరకి మనింట్లో ఉన్నంత చోటుంది. ఒకప్పుడు కూలి కోసం రంగూన్ వెళ్ళిన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల జనం ఆ ఊరి బజార్లలో తినే ఆకు ఇదే. టెక్సాస్‌లో గోంగూర దొరికిన సంగతి కథ అవుతుంది, పత్రికలో అచ్చవుతుంది, చదివి మన కళ్ళు చెమ్మగిల్లుతాయి. కొంగున కట్టుకొచ్చిన అమారి గింజలు ఏ కథలోకీ రాలేదు. ఇద్దరిదీ ఒకే ఆకు, ఒకే పులుపు. ఒకరి బెంగ సాహిత్యం, ఇంకొకరి బెంగ సర్వే నివేదికలో 'వలస సమస్య'. మా చెల్లెలి దుఃఖం చిన్నదని నా ఉద్దేశం కాదు. ఉద్యోగ హక్కు లేకపోవడం, చెట్టు మీద హక్కు లేకపోవడం, రెండింటి వెనకా చట్టమే ఉంది. కానీ ఆమెకి బదులు దినుసు వెతుక్కోవడానికి బజారుంది. ఈమెకి చింతకాయ దూరంగా లేదు. కళ్ళముందే వేలాడుతోంది. కోస్తే దొంగ అవుతుంది.

ఊరు కదలకుండానే పరాయివాళ్ళయిన వాళ్ళ సంగతి ఇంకొకటి. ఇక్కడి కోయ స్త్రీలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి వెళతారు. పువ్వు ఎండబెట్టి దాచుకుంటారు, గింజ నుంచి వంటనూనె తీస్తారు. ఇప్పచెట్లు పోయి జామాయిల్ వచ్చినచోట పువ్వూ లేదు, నూనే లేదు. అడవి ఫలసాయం మీద హక్కుని 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. కానీ చెట్టే లేనిచోట హక్కు పత్రంతో కూర వండలేం. పామాయిల్ గెలలు ట్రాక్టర్ల మీద పోతుంటాయి, ఆ తోటల్లో కూలికి వెళ్ళిన మనిషి సాయంత్రం కొట్లో పామాయిల్ ప్యాకెట్ కొనుక్కుని ఇంటికి వస్తుంది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం నుంచి 2025లో మొదలైన సన్నబియ్యం దాకా, రేషను ఎందరి ఆకలినో తీర్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండిన నాకు లేదు. కానీ దాంతో పాటు జొన్న, సామ, కొర్ర చెలకల్లోంచి పోయాయి. వాటిని దంచి, చెరిగి, వండే జ్ఞానమూ పోతోంది.

ఆ జ్ఞానం ఎక్కడా రాసి లేదా అంటే, ఉంది. హైమెన్‌డార్ఫ్ 1945లో అచ్చువేసిన 'ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్'లో గోదావరి లోయలోని కొండరెడ్లు గింజలు అయిపోయిన నెలల్లో జీలుగు చెట్టు బొద్దు నుంచి పిండి తీసుకోవడం, మామిడి టెంకలోని జీడితో అంబలి కాచుకోవడం నమోదయ్యాయి. వగరూ విషమూ పోయేదాకా నానబెట్టి, కడిగి, మళ్ళీ కడిగి తినదగ్గదిగా చెయ్యడం సామాన్యమైన విద్య కాదు. దాన్ని మనం మానవశాస్త్రంగా చదివాం. పాకశాస్త్రంగా, స్త్రీల రచనగా చదవలేదు.

మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. మా నాయనమ్మ 1960ల మొదట్లో కృష్ణా జిల్లా నుంచి కాపురానికి వచ్చింది. అప్పుడు ఈ ప్రాంతమే ఆమెకి పరదేశం. చేదు దుంపని ముక్కలు కోసి, ఉడకబెట్టి, రాత్రంతా వాగు నీళ్ళలో ఉంచి చేదు పోగొట్టడం ఒక కోయ స్త్రీ దగ్గర నేర్చుకుంది. మా ఇంట్లో ఆ కూరని ఇవాళ్టికీ 'నాయనమ్మ దుంపల కూర' అంటాం. చెల్లెలు ఆసియా దుకాణాల్లో దొరికే కర్ర పెండలంతో అది చేసి, అదే పేరుతో అక్కడి తెలుగు స్నేహితులకి పెడుతుంది. నేర్పిన మనిషి పేరు మొదటి మజిలీలోనే జారిపోయింది. ఏజెన్సీలో ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. వంట చేతులు మారితే అడిగే చట్టం లేదు. అడగవలసింది విమర్శే.

కాబట్టి పరాయినేల మీద వంట గురించి ఏ రచన చదివినా మూడు ప్రశ్నలు వేసుకుందామని నా ప్రతిపాదన. దినుసు ఎవరి చేతుల మీదుగా వచ్చింది? అది దొరక్కుండా చేసింది దూరమా, డబ్బా, చట్టమా, ఇంట్లో మనిషా? రుచికి తీర్పు చెప్పింది ఎవరు? ఈ ప్రశ్నలతో చదివితే, కన్నీళ్ళు పెట్టించే అమ్మ చేతి వంట కథలు చాలావాటిలో అమ్మ శ్రమ లేదని తెలుస్తుంది. కొన్నింటిలో అమ్మే లేదు, తిన్న కొడుకు మాత్రమే ఉన్నాడు.

2009లో పుణె విశ్వవిద్యాలయంలోని సావిత్రీబాయి ఫూలే స్త్రీ అధ్యయన కేంద్రం దళితుల ఆహార జ్ఞాపకాలని పుస్తకంగా తెచ్చింది. మరాఠ్వాడా దళిత వంటల గురించి షాహూ పటోలే మరాఠీలో రాసిన పుస్తకం 2024లో ఇంగ్లీషులోకి వెళ్ళింది. తెలుగులో మనం అలాంటి పని మొదలుపెట్టాలి. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులు వలస సాహిత్యం మీద పరిశోధన చేయించేటప్పుడు డల్లాస్, న్యూజెర్సీలతో పాటు ములకలపల్లి, చర్ల, దుమ్ముగూడెం కూడా ఆ పటంలో పెట్టండి. కోయ మాట్లాడే అమ్మాయిలు ఇప్పుడు డిగ్రీ కాలేజీల్లో ఉన్నారు. వాళ్ళ తల్లుల వంటల్ని వాళ్ళ భాషలో, వాళ్ళ పేర్లతో వాళ్ళే రాయనివ్వండి. ఆ రాతలో 'దొరక్కపోతే' అన్న మాట వచ్చినచోట ఆగి, ఎప్పటి నుంచి దొరకడం లేదో, ఆ చెట్టు ఇప్పుడు ఎవరి కంచె లోపల ఉందో కూడా రాయమనండి.